రఫీ విజయగీతాలు : నేర్చిన భాష నేర్పిన పాఠం

వార్షికోత్సవ సన్నాహాలు ప్రారంభమయిన నాటినుండి మన కళాశాల ఆవరణలో వినిపించని రోజంటూ లేని కంఠం ఒకటి వున్నది. అది కీర్తిశేషులు మహమ్మద్ రఫీగారి కంఠం. ఆయన కన్నుమూసి నాలుగు దశాబ్దాలు దాటినది. 2024 డిసెంబరుతో ఆయన జన్మించి నూరేండ్లు నిండినవి. రేడియో ముందు కూర్చుండి ఆ పాటలు విన్న తరం క్రమంగా తెరమరుగవుతున్నది. వారి మనుమలు, మనుమరాండ్రు అవే పాటలను చేతిలోని ఫోనులో పెట్టుకొని తిరుగుతున్నారు. జనప్రియ సంగీతంలో ఒక గాయకుని పేరు ఇంతకాలం నిలవడం సామాన్య విషయం కాదు.

ఈ సంవత్సరం మన విద్యార్థులు విశ్రాంతి గది గోడకు ఒక పట్టిక అంటించారు. “రఫీ సాహెబ్ పది మహా హిట్లు” అని దానికి పేరు. పట్టిక వెలువడిన గంటలోనే వివాదం మొదలయినది. ‘చౌదవీ కా చాంద్’ చిత్రంలోని పాటకు ప్రథమస్థానం ఇవ్వాలని ఒకరన్నారు. పెండ్లి ఊరేగింపులలో బ్యాండుమేళం వారు వాయించే ‘సూరజ్’ చిత్రంలోని పాటను మించినది లేదని మరొకరన్నారు. ‘బైజూ బావ్‌రా’ను ఎనిమిదవ స్థానానికి నెట్టడం అన్యాయమని ఇంకొందరు అలిగారు. చివరకు తీర్పు చెప్పవలసిందని మా వద్దకు వచ్చారు. తెలుగు బోధించేవారి వద్దకు ఈ వ్యాజ్యం రావడం మాకు సంతోషమే కలిగించినది. కాని స్థానాలు నిర్ణయించడం మా ఉద్దేశం కాదు. ఆ పట్టికలో ఎవరూ గమనించని సంగతి ఒకటి వున్నది. దానిని విద్యార్థుల ఎదుటను, కళాశాల కమిటీ పెద్దల ఎదుటను ఉంచడానికే ఈ నాలుగు మాటలు.

అంతకు ముందు వారం జరిగిన ఒక సంఘటనను మొదట చెప్పవలసి వున్నది. వార్షికోత్సవంలో పాడేవారిని ఎంపిక చేయుటకు కూర్చున్నాము. రెండవ సంవత్సరం చదివే ఒక విద్యార్థి వేదిక ఎక్కి ‘చౌదవీ కా చాంద్’ పాట అందుకొన్నాడు. అతనిది పల్లెటూరు. పేరుకు ముస్లిం కుటుంబమే అయినా ఇంటిలో మాట్లాడేది తెలుగు. గొంతు చక్కనిది, శ్రుతి తప్పలేదు. ఆ పాట పల్లవిలోనే ‘ఖే’, ‘ఖాఫ్’ అనే రెండు ఉర్దూ అక్షరాలు వెంటవెంటనే వస్తాయి. అతడు రెండింటినీ ‘క’ అనే పలికాడు. వెనుక బెంచీలలో నవ్వు పుట్టినది. అతడు పాట మధ్యలో ఆపి దిగిపోయాడు. అదే పూట ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన ఒక విద్యార్థిని తెలుగు పద్యం చదివినది. ‘ళ’ వచ్చినచోటనెల్ల ‘ల’ పలికినది. ఈసారి నవ్వు అవతలి బెంచీలనుండి వచ్చినది. ఒకే గదిలో, ఒకే పూట, రెండు నవ్వులు! ఆ ఇద్దరూ మరల సాధనకు రాలేదు. ఆ నవ్విన వారే మరునాడు రఫీ పట్టిక గోడకు అంటించారు.

ఆ పట్టికలోని సంగతి ఇది. అందులోని పది పాటలలో ఒక్కటి కూడ రఫీగారి మాతృభాషలోనిది కాదు. ఆయన మాతృభాష పంజాబీ. ఆయనకు దేశవ్యాప్తమైన కీర్తి తెచ్చిన పాటలన్నీ నేర్చుకొన్న భాషలోనివే. ఉచ్చారణ తడబడినందుకు ఇద్దరిని వేదిక దింపిన మనము, జీవితమంతా నేర్చిన భాషలో పాడిన వ్యక్తిని తలకెత్తుకొంటున్నాము. ఈ రెండు పనులలో ఏదో ఒకటి తప్పు. రఫీని మెచ్చుకోవడం తప్పు కాదని అందరమూ ఒప్పుకొంటాము గనుక, రెండవదానిని గురించి ఆలోచించక తప్పదు.

రఫీ 1924 డిసెంబరు 24న అమృత్‌సర్ సమీపంలోని కోట్లా సుల్తాన్ సింగ్ అనే గ్రామంలో జన్మించారు. కుటుంబం తరువాత లాహోరుకు తరలినది. అక్కడ వారిది క్షౌరశాల నడిపే జీవనం. తానప్పగిన ఘరానాలో పుట్టినవాడు కాదు, కవుల ఇంట పుట్టినవాడూ కాదు. చిన్ననాడు వీధిలో పాడుతూ వెళ్ళే ఒక ఫకీరు వెంట నడచి ఆయన పాటను అనుకరించేవాడని చెప్పుకొంటారు. ఆయన సినిమాలో పాడిన మొదటి పాట ‘గుల్ బలోచ్’ అనే పంజాబీ చిత్రానిది. శ్యాంసుందర్ సంగీత దర్శకత్వంలో దానిని పాడారు. ఆ తరువాత బొంబాయి చేరారు. అక్కడ పాట పాడించేవారికి, పాట వ్రాసేవారికి కావలసినది పంజాబీ కాదు. లక్నో, బదాయూఁ, అలీగఢ్ ప్రాంతాల ఉర్దూ నుడికారం వారికి కావాలి. పంజాబు నుండి వచ్చిన పడుచువాడు ఆ నుడికారాన్ని పాటపాటకు అభ్యసించవలసి వచ్చినది.

1947లో ‘జుగ్ను’ చిత్రంలో నూర్‌జహాన్‌తో కలిసి పాడిన యుగళగీతం ఆయన పేరును జనంలోకి తెచ్చినది. 1948లో గాంధీజీ హత్య జరిగిన తరువాత రాజేంద్రకృష్ణ వ్రాయగా, హుస్న్‌లాల్ భగత్‌రాం స్వరపరచగా, బాపూజీ జీవితగాథను ఆయన సుదీర్ఘమైన పాటగా పాడారు. ఇక 1952లో ‘బైజూ బావ్‌రా’ వచ్చినది. సంగీతం లక్నోలో పుట్టిన నౌషాద్‌ది. రచన బదాయూఁలో పుట్టిన షకీల్‌ది. అందులో మాల్కౌంస్ రాగంలో ఒక భజన వున్నది. మన కర్ణాటక సంగీతంలోని హిందోళానికి దగ్గర రాగమది. హరి దర్శనానికై పరితపించే ఆ గీతాన్ని వ్రాసినవారు, స్వరపరచినవారు, పాడినవారు ముగ్గురూ ముస్లిములు. ఈ మాటను సభలలో మతసామరస్యానికి ఉదాహరణగా తరచు చెబుతుంటారు. చెప్పవలసినదే. కాని భాషను బోధించేవారిగా మాకు అందులో వేరొక విశేషం కనిపిస్తుంది. పంజాబీ మాతృభాషగా గల గాయకుడు, ఉర్దూలో కవిత్వం చెప్పే కవి, ఇద్దరూ కలిసి వ్రజభాషా భక్తికవుల పదజాలాన్ని కైవసం చేసికొన్నారు. అది పుట్టుకతో వచ్చినది కాదు, శ్రద్ధతో వచ్చినది.

ఆ శ్రద్ధ ఫలితాన్ని తరువాతి పట్టికలన్నిటిలో చూడవచ్చును. ఆయనకు ఫిలింఫేర్ పురస్కారాలు ఆరు లభించినవి. 1960 నాటి ‘చౌదవీ కా చాంద్’, 1961 నాటి ‘ససురాల్’, 1964 నాటి ‘దోస్తీ’, 1966 నాటి ‘సూరజ్’, 1968 నాటి ‘బ్రహ్మచారి’, 1977 నాటి ‘హమ్ కిసీసే కమ్ నహీ’ చిత్రాలలోని పాటలకు అవి వచ్చినవి. 1967లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించినది. ‘నీల్ కమల్’ చిత్రంలో అత్తవారింటికి వెళ్ళే కుమార్తెను దీవించే తండ్రి పాట వున్నది. 1968 నాటి ఆ పాట ఈనాటికీ ఉత్తరాది అప్పగింతలలో కన్నీరు తెప్పిస్తూనే వున్నది. ‘సూరజ్’లోని పాటకు 2013లో మరొక గౌరవం లభించినది. భారతీయ చలనచిత్రాలకు నూరేండ్లు నిండిన సందర్భంలో బి.బి.సి. ఏషియన్ నెట్‌వర్క్ వారు శ్రోతల అభిప్రాయం సేకరించగా హిందీ పాటలన్నిటిలో దానికే మొదటి స్థానం దక్కినది.

‘హిట్’ అనే మాట ఎట్లు ఏర్పడినదో కూడ విద్యార్థులు తెలిసికొనడం మంచిది. 1952లో నాటి సమాచార శాఖ మంత్రి కేస్కర్ గారి కాలంలో ఆకాశవాణి సినిమా పాటలను దాదాపుగా బహిష్కరించినది. శ్రోతలు రేడియో సిలోన్‌కు మళ్ళారు. అదే సంవత్సరం ఆ కేంద్రంనుండి అమీన్ సయానీ గారి ‘బినాకా గీత్‌మాలా’ మొదలయినది. దుకాణాలలో రికార్డుల అమ్మకాన్ని, శ్రోతల ఉత్తరాలను లెక్కవేసి బుధవారం రాత్రి పాటలకు మెట్లు నిర్ణయించేవారు. ‘సూరజ్’లోని రఫీ పాట 1966 సంవత్సరాంతపు పట్టికలో ప్రథమస్థానంలో నిలిచినది. విశ్రాంతి గది గోడపై మనవారు అంటించిన పట్టికకు మూలపురుషుడు ఆ గీత్‌మాలాయే అనవచ్చును. ఆ లెక్కలో తప్పు లేదు. కాని అది ఎన్ని రికార్డులు అమ్ముడుపోయినవో చెబుతుంది. ఒక్కొక్క మాటను సరిగా పలకడానికి గాయకుడు ఎంత శ్రమించాడో చెప్పదు.

లెక్కల మోజు ఎంతవరకు పోయినదో చూడండి. లతా మంగేష్కర్ గారు అత్యధిక సంఖ్యలో పాటలు పాడారని 1970లలో గిన్నిస్ గ్రంథం ప్రకటించినది. రఫీగారు దానికి అభ్యంతరం తెలిపారు. ఆయన మరణానంతరం ఆ గ్రంథంలో ఆయన వాదన కూడ చేరినది. అందులోని సంఖ్య 28,000. తరువాత శ్రద్ధగా లెక్కించినవారికి దొరికిన ఆయన హిందీ చిత్రగీతాలు సుమారు 4,500 మాత్రమే. 28,000 అన్నది నిజం కాకపోయినంత మాత్రాన రఫీ చిన్నవాడయ్యాడా? 4,500 పాటలను ఒక్కొక్క సన్నివేశానికి, ఒక్కొక్క నటుని స్వభావానికి తగినట్లు పాడడం ఒక జీవితానికి చాలును. సంఖ్య పెంచినందువల్ల ఆయన గౌరవం పెరగలేదు, తగ్గించినందువల్ల తరగలేదు.

ఆ పట్టికలో మాకు కనిపించిన లోపం మరొకటి వున్నది. పది పాటల ఎదుట ఒకే ఒక్క పేరు. కవుల పేర్లు లేవు. ‘సూరజ్’ పాట ఎవరు వ్రాశారని అడిగితే పట్టిక కట్టిన వారిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. దానిని వ్రాసిన హస్రత్ జయ్‌పురీ బొంబాయిలో బస్సు కండక్టరుగా పనిచేసి పొట్టపోసికొన్న కవి. ‘దోస్తీ’ పాటను, ‘హమ్ కిసీసే కమ్ నహీ’ పాటను వ్రాసిన మజ్రూహ్ సుల్తాన్‌పురీ యూనానీ వైద్యం చదివిన హకీము. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందిన మొదటి గీత రచయిత ఆయనే. ‘నీల్ కమల్’ పాట సాహిర్ లుధియాన్వీది. ‘చౌదవీ కా చాంద్’ షకీల్ గారిది. వీరు ముషాయిరాలలో పేరు పొందిన కవులు. మన విద్యార్థులకు వీరి వాక్యాలు నోటికి వచ్చును, పేర్లు రావు. వాక్యాలకు అర్థం కూడ చాలమందికి రాదు. ఉర్దూ ఇంటిలో పుట్టినవారిలో సైతం ఉర్దూ లిపి చదువలేనివారు ఏటేటా పెరుగుతున్నారు. పాట వుండి భాష పోవడం ఎంతటి నష్టమో ఆలోచించవలసినది ముఖ్యంగా మన కళాశాలే.

ఈ విషయంలో రఫీగారితోనే మాకు ఒక భేదాభిప్రాయం వున్నది. పాట అమ్మకంపై గాయకులకు కూడ వాటా రావాలని 1960లలో లతాగారు వాదించారు. పాడినందుకు పారితోషికం పుచ్చుకొన్న తరువాత గాయకునికి హక్కు మిగలదని రఫీగారు అన్నారు. ఈ కారణంగా ఇద్దరూ కొన్ని సంవత్సరాలు కలిసి పాడలేదు. రఫీగారి మాటలో ఆశ లేని మనస్సు కనిపిస్తుంది. అయినను న్యాయం లతాగారి వైపే వున్నదని మా అభిప్రాయం. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు రచయితలకు, స్వరకర్తలకు, గాయకులకు ఆదాయంలో హక్కును గుర్తించారు. శ్రమ చేసినవారి పేరు, ఫలం రెండూ వారికి చెందాలి. మనము ఎవరికీ రుసుము చెల్లించకుండా వేదికపై పాడుకొంటాము. కనీసం కవి పేరైనా చెప్పడం మన ధర్మం.

రఫీగారి ప్రయాణం ఆసాంతం ఎక్కుడు మెట్లే కాదు. 1969లో హిందీ ‘ఆరాధన’ విడుదలయిన తరువాత కిశోర్ కుమార్ గారి ప్రభంజనం వీచినది. అందులో రఫీ పాడిన పాటలు వున్నా జనం మాట్లాడుకొన్నది కిశోర్ పాటలనే. కొన్ని సంవత్సరాలు రఫీ వెనుకబడ్డారు. ఆయన కాలం ముగిసినదని చాలమంది తీర్మానించారు. 1977లో ఆయన మరల నిలిచారు. రాహుల్ దేవ్ బర్మన్ స్వరపరచిన ‘హమ్ కిసీసే కమ్ నహీ’ పాటకు ఫిలింఫేర్‌తోపాటు జాతీయ పురస్కారం కూడ వచ్చినది. అదే సంవత్సరం ‘అమర్ అక్బర్ ఆంథొనీ’లోని ఖవ్వాలీ దేశమంతటా మారుమ్రోగినది. అప్పటికి ఆయనకు యాభై రెండేండ్లు. ఒకసారి వేదిక దిగవలసి వచ్చినవారు మరల ఎక్కరాదని ఎక్కడా లేదు. 1980 జూలై 31న, రంజాన్ మాసంలో ఆయన కన్నుమూశారు. ఆయన చివరిగా పాడినది లక్ష్మీకాంత్ ప్యారేలాల్ సంగీతంలోని ‘ఆస్ పాస్’ చిత్రానికి. అది ఆయన పోయిన తరువాత విడుదలయినది.

ఇక మనకు దగ్గరి విషయం. రఫీగారు తెలుగులో కూడ పాడారు. 1969లో వచ్చిన ‘భలే తమ్ముడు’ చిత్రంలో ఎన్.టి. రామారావు గారికి ఆయన గాత్రదానం చేశారు. టి.వి. రాజు గారు సంగీత దర్శకులు. ఈ చిత్రానికి మూలం 1962 నాటి హిందీ ‘చైనా టౌన్’. అందులో షమ్మీ కపూర్‌కు పాడినవారూ రఫీగారే. 1976లో వచ్చిన తెలుగు ‘ఆరాధన’లో ఎస్. జానకి గారితో కలిసి ఆయన పాడిన యుగళగీతం నేటికీ తెలుగునాట వినిపిస్తూనే వున్నది. తరువాత ‘అక్బర్ సలీం అనార్కలి’లో సి. రామచంద్ర గారి సంగీతంలో బాలకృష్ణ గారికి పాడారు. అప్పటివరకు తెలుగు శ్రోతలకు రామారావు గారి పాట అనగా ఘంటసాల గారి పాటయే. వారి చెవికి రఫీ తెలుగు మొదట క్రొత్తగా తోచినది సహజమే.

ఆ తెలుగును నిష్పాక్షికంగా పరీక్షించుదాము. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు నిండుగా పలకాలి. హిందీలో మాట తరచు హల్లుతో ముగుస్తుంది. రఫీగారి తెలుగు పాటలలో కొన్నిచోట్ల చివరి అచ్చు తేలిపోతుంది. కొన్ని మాటలు ఉత్తరాది నుండి వచ్చినవని తెలిసిపోతూనే వుంటుంది. ఉచ్చారణకు మార్కులు వేయవలసి వస్తే మేము నూటికి నూరు వేయము. అయినను తెలుగువారు ఆ పాటలను త్రోసిపుచ్చలేదు. దాచుకొన్నారు. ఎందువలన? మాటకు అర్థం తెలిసికొని పాడుతున్నాడన్న నమ్మకం ఆ గొంతులో కలుగుతుంది. మన భాషను ఎగతాళిగా గాక, అతిథి మన ఇంటి భోజనాన్ని స్వీకరించినట్లు ఆదరంగా స్వీకరించాడని తోస్తుంది. ఆదరంతో వచ్చినవాని యాసను మన పెద్దలు క్షమించారు. తన తోటి విద్యార్థి యాసను క్షమించలేకపోవడం మన తరానికి శోభనివ్వదు.

‘అక్బర్ సలీం అనార్కలి’ పాటలు వ్రాసినవారు డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు. ఆయన హనుమాజీపేట పల్లెలో పుట్టి ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్నారు. ఆ చదువు ఆయన తెలుగును చెరపలేదు. తెలుగులో గజళ్ళు వ్రాయించినది. 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం ఆయన తెలుగు కావ్యం ‘విశ్వంభర’కే వచ్చినది. దాశరథి కృష్ణమాచార్యులు గారు గాలిబును ‘గాలిబ్ గీతాలు’గా తెలుగు చేశారు. ఉర్దూ చదివిన తెలుగు కవి వ్రాసిన తెలుగు పాటను, ఉర్దూ నేర్చిన పంజాబీ గాయకుడు తెలుగులో పాడాడు. ఆ పాట ఎవరి సొత్తు? ఏ శాఖ నోటీసు బోర్డుపై అంటించాలి? సమాధానం చెప్పగలవారు చెప్పవలసినది.

ఎదురు దిశలో కూడ ఉదాహరణ వున్నది. నెల్లూరు జిల్లా నుండి వచ్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు రఫీని తన ఆదర్శంగా పలుమార్లు చెప్పుకొన్నారు. 1981లో ‘ఏక్ దూజే కే లియే’ చిత్రానికి ఆయన పేరు వచ్చినప్పుడు దక్షిణాది ఉచ్చారణ హిందీ పాటకు పనికివస్తుందా అని సంగీత దర్శకులు సందేహించారని, కథానాయకుడే దక్షిణాది యువకుడు గనుక ఆ యాస వున్నా తప్పులేదని దర్శకులు బాలచందర్ గారు పట్టుబట్టారని ప్రసిద్ధి. ఆ చిత్రంలోని పాటకు బాలుగారికి జాతీయ పురస్కారం లభించినది. ఆనాడు సందేహమే నెగ్గి వుంటే నష్టపోయేది బాలుగారొక్కరే కాదు.

ఈ నవ్వుల గురించి మేము పుస్తకాలలో చదివి వ్రాయడం లేదు. మా ఇంటి భాష తెలుగు. బాల్యంలో బంధువుల ఇండ్లకు పోయినప్పుడు మా ఉర్దూ విని నవ్వేవారు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివే రోజులలో మా పేరు విని కొందరు ఆశ్చర్యపడేవారు. ఉద్యోగానికి వెళ్ళిన ఒకచోట, “మీరు ఉర్దూ పోస్టుకు వచ్చారనుకొన్నాము” అని కాగితాలు మరల మరల తిప్పి చూశారు. ఒకవైపు ఉర్దూ చాలదు, మరొకవైపు తెలుగు మనది కాదు! ఈ రెండు మాటల నడుమ ఎందరో ముస్లిం విద్యార్థులు మౌనంగా కూర్చుంటున్నారు. నవ్వినవారికి కూడ మా మనవి ఒకటి. మన దక్కన్‌లో ఉర్దూ మాట్లాడేవారు ‘ఖాఫ్’ను ‘ఖే’గా పలుకుతారని, ‘నక్కో’ అంటారని లక్నోవారు నవ్వుతారు. ఒక జిల్లా తెలుగును చూచి మరొక జిల్లావారు నవ్వుతారు. నవ్వేవారికంతా పైన ఇంకొకరు నవ్వేవారు వున్నారు. ఈ వరుసకు అంతం లేదు.

కమిటీలోని పెద్దలు కొందరు సినిమా పాట కళాశాల వేదికకు తగదని భావిస్తారు. వారి ఆందోళనను మేము తేలికగా తీసుకోము. వినదగని పాటలు నేడు కొల్లలుగా వున్నవి. విద్యార్థుల ఎంపికను అధ్యాపకులు పరిశీలించవలసినదే. కాని షకీల్, సాహిర్, మజ్రూహ్ వంటి కవుల రచనలను సినిమా ముద్ర వున్నదన్న కారణంతో తోసివేస్తే, మన పిల్లలకు ఉర్దూ కవిత్వంతో మిగిలిన ఒకే ఒక్క పరిచయాన్ని కూడ తెంచినవారమవుతాము. వారిని గాలిబు వద్దకు, ఇక్బాల్ వద్దకు తీసికొనిపోయే తోవ ఆ పాటల మీదుగానే పోతున్నది. తోవను మూయడం కన్న దానిపై చేయిపట్టి నడిపించడం మేలు.

విద్యార్థులు మరొక మాట అంటారు. “పాట బాగుంటే చాలు, అర్థంతోనూ ఉచ్చారణతోనూ పనియేమి?” అని. ఇది కూడ ఒప్పుకోదగిన మాట కాదు. యాసను క్షమించాలని మేము కోరినది నేర్వకుండా వదలివేయడానికి కాదు. నేర్చుకొనేవానికి గడువు ఇవ్వడానికి. రఫీగారు ‘ఖే’ను ‘క’గా వదలి వుంటే ఆయనకు ‘చౌదవీ కా చాంద్’ పాట దక్కేది కాదు. తప్పు పలకడం అపరాధం కాదు. తప్పును దిద్దుకోకపోవడం లోపం. దిద్దడం మాని నవ్వి ఊరుకోవడం అంతకన్న పెద్ద లోపం.

ఇందువలన కళాశాల కమిటీ వారికి, సాంస్కృతిక సంఘం వారికి మా సూచనలు మూడు. మొదటిది, వార్షికోత్సవంలో ఏ పాట పాడినా ముందుగా కవి పేరు, స్వరకర్త పేరు, సంవత్సరం ప్రకటించాలి. ఉర్దూ పాటకు తెలుగులోను, తెలుగు పాటకు ఉర్దూలోను రెండు వాక్యాల భావం చెప్పాలి. రెండవది, ఉర్దూ, తెలుగు శాఖల పాటల పోటీలను వేరువేరుగా జరిపే పద్ధతి మానాలి. ఒక ఉర్దూ విద్యార్థిని ఒక తెలుగు విద్యార్థికి జతచేసి, ఒకరి పాటను మరొకరు దిద్దేటట్లు ఏర్పాటు చేయాలి. ‘ఖాఫ్’ తెలిసినవాడు ‘ళ’ తెలిసినవానికి గురువు, శిష్యుడు రెండూ అవుతాడు. మూడవది, ఈ సంచికలో ఉర్దూ పుటలు ఒక అంచునుండి, తెలుగు పుటలు మరొక అంచునుండి మొదలయి మధ్యలో వీపులు తగిలించుకొంటున్నాయి. ఆ మధ్యలో నాలుగు పుటలు ఉమ్మడిగా వుంచి, ఉర్దూ కవితలను తెలుగు లిపిలోను, తెలుగు కవితలను ఉర్దూ లిపిలోను ముద్రించవచ్చును. వీటికి అయ్యే వ్యయం స్వల్పం. సాధనకు గదిని వారానికి ఒక గంట ఇస్తే చాలును.

విద్యార్థుల వ్యాజ్యానికి తీర్పు చెప్పకుండా ముగించడం న్యాయం కాదు గనుక చెబుతున్నాము. రఫీగారి పాటలలో దేనికి ప్రథమస్థానం ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు. పట్టిక చివర పదకొండవ స్థానంలో మాత్రం ఆయన తెలుగు పాట ఒకటి చేర్చండి. అది ఆయన పాటలలో గొప్పదని కాదు. అప్పటికి కీర్తి శిఖరం చూచిన గాయకుడు తనకు రాని భాషలో, తప్పులు దొర్లుతాయని తెలిసి కూడ, మన ఎదుట నోరు విప్పాడన్నందుకు.

ఆ రోజు వేదిక దిగిపోయిన విద్యార్థి, పద్యం మూసివేసి కూర్చున్న విద్యార్థిని ఈ సంచికను చూస్తారని మా నమ్మకం. వారిద్దరి పేర్లను వచ్చే వార్షికోత్సవపు జాబితాలో మేము కొట్టివేయలేదు. పక్కపక్కనే వ్రాసి వుంచాము. వారంవారం సాధనకు తెలుగు శాఖ గది తెరిచే వుంటుంది. నవ్వినవారు కూడ రావచ్చును. వారు నేర్పవలసినది వున్నది, నేర్చుకొనవలసినదీ వున్నది.